తుడిస్తే తిరిగొచ్చిన వీడియో

ప్రొద్దుటూరులో ఆ మేడమీది గది పేరెత్తితే ఇప్పటికీ టీ బంకు కాడ మాటలు ఆగిపోతాయి. ఒక వార్తల వెబ్‌సైటు సర్వరు ఉండేది దాంట్లోనే. దాన్ని నడిపే ఇమ్రాన్‌ను కుర్చీలో కూచున్నోన్ని కూచున్నట్టే నరికినారు. ఎందుకంటారా? గొర్రెల బాలన్నను పెద్దముడియం దోవలో చంపుతాంటే వీడియో తీసి సైటులో పెట్టినాడు. తీసేయమని బెదిరిస్తే తీయలేదు. మొండోడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, కొడవలికి ఆ సామెత తెలీదు గదా! అప్పట్నించీ పొద్దుగూకితే ఆ గదిలో కీబోర్డు దానంతటదే మోగుతాదని… చెప్పుకుంటారు.

నాగేష్‌ది జమ్మలమడుగు. కొత్త ఆపరేటరు. దయ్యాలంటే పకపకా నవ్వేటోడు. ఆ రాత్రి జనాలు సైటు చూడని యాళ చూసుకోని, పాత డిస్కులోని ఫోటోలు, వీడియోలన్నీ కొత్త డిస్కుకు మార్చి, ఇకమీదట అన్నీ దాంట్లోనే దాచుకోమని సైటుకు సెట్టింగు పెడతాండాడు. తెల్లారితే బాలన్న కేసు కోర్టుకొస్తాది. ఆ వీడియో ఒక్కటే సాక్ష్యం.

తలుపు ఒక్క తన్నుకు ఊడి పడింది.

ఆదినారాయణ! చేతిలో వేటకొడవలి. ఎనకాల వాని మనిషి బాబు. బాలన్నను, ఇమ్రాన్‌ను నరికింది ఈ ఇద్దరే.

"తుడిచెయ్‌రా దాన్ని."

కొడవలి మొన గొంతు మీది తోలును చీల్చింది. నెత్తురు వెచ్చగా చొక్కాలోకి జారింది. నాగేష్‌కు పైప్రాణాలు పైనే పోయినాయి. చచ్చినట్టు తుడిచినాడు.

రెండు నిమిషాలు… వీడియో మళ్లీ వచ్చింది.

"ఏందిరా ఇది?"

ఇంకోసారి తుడిచినాడు. ఇంకోసారి వచ్చింది. నాగేష్‌కు దాని గుట్టు తెలుసు — జమ్మలమడుగులో తన ఇంట్లో ఇంకో డిస్కు పెట్టి, ఈడ ఏది పోయినా ఆడినించి తిరిగొచ్చేట్టు ముందునాడే కట్టుదిట్టం చేసినాడు. ఆ మాట చెప్తే ఇంట్లో పెండ్లాం సుధను బతకనీరు. అందుకే గుసగుసగా అన్నాడు.

"నేను కాదప్పా… ఇమ్రాన్."

బాబు మొగంలో నెత్తురు చుక్క లేదు. "అన్నా, వద్దు… పోదాం పా."

"చచ్చినోడు ఏం పీకుతాడురా!" ఆదినారాయణ మానిటరు మీద ఒక్క వేటు వేసినాడు. నిప్పులు లేచి గదంతా చీకటైపోయింది. నాగేష్ నేలమీద బోర్లా పడినాడు.

ఆ చీకట్లో కీబోర్డు… టక టక టక.

దేవుడా! ఆదినారాయణ పిచ్చెత్తినట్టు నాలుగు దిక్కులా నరుకుతాండాడు. గోడ, కుర్చీ… తర్వాత మెత్తగా ఏదో తెగింది. బాబు అరుపుకు వీధి వీధంతా లేచింది.

తెల్లారేసరికి బాబు చెయ్యి మోచేతి కాడికి లేదు, ఆదినారాయణ స్టేషన్లో ఉండాడు. మెయిన్ స్విచ్ ఎత్తి, ఫోనులో సైటు తెరిచి చూస్తే వీడియో భద్రంగా ఉంది. నాగేష్ గొంతుకు గుడ్డ చుట్టుకోని, ఏడుస్తా నవ్వుతా సుధకు ఫోను చేసినాడు.

"మన ఇంట్లో డిస్కు పుణ్యమా అని వీడియో బతికింది మే!"

"ఏ డిస్కు? నిన్న పొద్దుగూకే యాళకే పిడుగులు పడతాంటే అన్ని వైర్లూ పీకేసినా గదా… ఆ పెట్టె ఇంగా ఆరిపోయే ఉంది."