గుడ్డ కత్తెరతో కంచె

కంచె మనిషి ఎత్తుంటే చాలదు, మునివేళ్ల మీద లేచి చూసేవాళ్లూ ఉంటారు కాబట్టి ఇంకో జానెడు కావాలి, ఈ వానలకు ఆ జానెడు రాకపోదు, వచ్చిందంటే వీధిలోంచి ఇక ఈ వరండా కనిపించదు, అప్పుడు... అప్పుడేమిటో ఆమెకు తోచలేదు. నోటి నిండా నురగతో అద్దంలోకి చూస్తూ నిలబడింది. కుళాయి నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో కూడా గమనించలేదు.

భర్త పోయాక ఆమె తనంతట తాను చేసిన పని ఈ కంచె ఒక్కటే. అంతకుముందు కుండీలో మొక్క పెంచి ఎరగదు. వీధిన పోయేవాళ్లు ఇంటి ముందుకు రాగానే అడుగు నెమ్మది చేసి, వరండాలోకి ఒక చూపు చూసి, మొహం దించుకుని వెళ్లేవారు. ఆ చూపు బాధపెట్టిందని కాదు. ప్రతి చూపుకూ ఏదో ఒక మొహం పెట్టాలి. పెట్టడానికి తన దగ్గర ఏ మొహమూ లేదు.

అందుకని నర్సరీ నుంచి కంచెగా పెంచే డురాంటా మొక్కలు తెచ్చింది. దారం కట్టి, దాని వెంట చాలు తవ్వి, అత్తగారి టేపుతో అడుగుకో మొక్క చొప్పున నాటింది. అత్తగారు దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని కిటికీలోంచి చూస్తూ, "అన్నీ కొలిచావు గానీ చంక కొలత మర్చిపోయావే అమ్మాయ్!" అంది. కోడలు నవ్వలేదు. నవ్వాల్సిన మాటని తెలిసింది, అంతే.

వేళ్లూనుకున్నాక తలలు తుంచాలని, అప్పుడే అడుగు నుంచి గుబురు కడుతుందని నర్సరీ ఆవిడ చెప్పింది. ఆమె తుంచలేదు. ఎత్తు కోసం పెంచేదాని ఎత్తు ఎవరైనా తగ్గిస్తారా? మొక్కలు మనిషి ఎత్తుకు లేచాయి. పైన నాలుగు ఆకులు, కింద బోసి కాడలు.

"అంచు చాలని గౌనులా ఉంది నీ కంచె. మోకాళ్లన్నీ బయటే," అంది అత్తగారు నిన్న.

"సరే అత్తయ్యా," అంది ఆమె.

మొహం తుడుచుకుని వరండాలోకి వచ్చి ఆగిపోయింది. కంచె లేదు. మోకాలి ఎత్తున మోళ్ల వరస, పక్కన కొమ్మల కుప్ప. గేటు దగ్గర ఒక్క మొక్క మాత్రం పొడుగ్గా మిగిలి ఉంది. మెట్టు మీద అత్తగారు అరచేయి ఊదుకుంటూ కూర్చుంది.

"ఏం చేశారు అత్తయ్యా?"

"కనిపించట్లేదూ? తలలు కోశాను."

"ఎవరు కోయమన్నారు?"

"ఎవరూ కోయట్లేదనే కోశాను."

"అవి నావి! చేతులు బొబ్బలెక్కేలా తవ్వి నాటాను. నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు? ఏమనుకుంటున్నారు మీరు?"

గొంతు వీధి అవతలికి వినిపించింది. ఎదురింటి టీచరు చెప్పులు వేసుకుంటూ తలెత్తింది. కోడలికి చెవులు వేడెక్కాయి, దవడలు బిగిశాయి. ఇదేమిటో గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. కోపం. ఎన్నాళ్లకో ఇల్లు చేరిన మనిషిని చూసినట్టు దాన్ని చూసింది.

"హమ్మయ్య, అరిచావు!" అంది అత్తగారు. "ఇన్నాళ్లూ తినమంటే సరే, పడుకోమంటే సరే. గోడతో కాపురం చేస్తున్నట్టుంది నాకు. కళ్లజోళ్ల షాపాయన ఫోన్ చేసి సోమవారం నువ్వు పనిలోకి రాకపోతే అద్దాలు బిగించడానికి వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. దానికీ సరే అన్నావు. నా కొడుకు పోయాడు. నువ్వేమో ఈ ఆకుల వెనక్కి పోతున్నావు. చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదే."

అత్తగారి ఒళ్లో ఉన్నదాన్ని కోడలు అప్పుడు చూసింది. నల్లపిడి గుడ్డ కత్తెర. రెక్కలకు పచ్చటి పసరు. గుడ్డ తప్ప ఇంకేదీ దాంతో కోయకూడదు. చిన్నప్పుడు గాలిపటం కాగితం కోసినందుకు కొడుక్కి వీపు చిట్లింది. పెళ్లయిన కొత్తలో అతను ఆ దెబ్బను నటించి చూపించి మరీ నవ్వించాడు.

"దీంతోనా?"

"ఇంకోటి ఉందా ఇంట్లో?"

"పాడైపోతుంది కదా."

"అయిపోయింది. ఇందాక గుడ్డపీలిక మీద చూశాను. కోయట్లేదు, నములుతోంది." అత్తగారు పసరును బొటనవేలితో రుద్దింది. "పోనీలే. వాడి చొక్కాలు కుట్టే పని ఎటూ లే..."

చివరి మాట సగంలో తెగింది. మిషను మీద కప్పిన దుప్పటి ఎన్నాళ్లుగా అలాగే ఉందో కోడలికి ఇప్పుడు గుర్తొచ్చింది. రోజూ దాని పక్క నుంచే నడిచింది. ఈవిడ రాత్రులు నిద్రపోతోందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

మెట్టు మీద పక్కన కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. అత్తగారి చేయి తీసుకుని అరచేయి విప్పింది. బొటనవేలి మొదట్లో బొబ్బ చిట్లి ఉంది.

"మంటగా ఉందా అత్తయ్యా?"

"ఉండదూ మరి?"

"ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశారు?"

"నాకు నడుం పట్టేసిందనుకో. నీ వంతు అనుకో."

ఆమె కత్తెర తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. వీధికీ తనకూ మధ్య ఇప్పుడు అడ్డంగా ఉన్నది ఆ ఒక్క మొక్కే. అవతల టీచరు ఇంకా చూస్తోంది. చూడనిచ్చింది.

"ఎక్కడ కోయాలి?"

"మోకాలి దగ్గర. టేపు తేనా?"

"వద్దు."

వంగి, కాడను రెక్కల మధ్య పెట్టి నొక్కింది. కత్తెర నమిలింది. రెండు చేతులతో పిడి పట్టుకుని మళ్లీ నొక్కింది. తెగింది.