చాలంటే కదిలిన కొంగ

మధ్యాహ్నం అన్నానికి బడి వదలగానే నంజి ఇంటికి పోలేదు. పలక సంచీ చంకన పెట్టుకుని నేరుగా కొట్టం కట్టే చోటికి పరుగెత్తింది. ఆకలిదేముంది, రోజూ వేసేదే! మామ చేసిన కొంగ పని మొదలుపెట్టేది ఇవాళే కదా.

అది నిజం కొంగ కాదు, ఇనుప కొంగ. ఆ రోజుల్లో వేప్పనపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ట్రాక్టరు ఒక్కటే. అది నంజి మేనమామ పిల్లప్పది. దాని వెనకాల నాగలిని ఎత్తడానికీ దించడానికీ రెండు ఇనుప చేతులుంటాయి. మామ నాగలి ఊడదీసి, ఆ చేతులకు పొడుగాటి ఇనుప గొట్టాలు బిగించాడు. పాత బండిచక్రాల పట్టాలు వంచి వాటికి కట్లు వేశాడు. కొసన ఒక కొక్కెం, దానికొక గొలుసు. అది మెడ చాచి నిలబడితే మడిలో చేప కోసం చూసే కొంగలా ఉంటుందని పిల్లలే ఆ పేరు పెట్టారు.

"దున్నే బండితో కొట్టం కడతాడంట! పిల్లప్పకు పిచ్చి ముదిరింది" అని ఊళ్ళో వాళ్ళు నవ్వారు.

నంజి నవ్వలేదు. పోయిన నెల గాలివానకు వాళ్ళ పాత కొట్టం కూలిపోయింది. చూడి ఆవు కెంపి అప్పటినుంచీ వానకు తడుస్తూ బయటే ఉంది. అది నేడో రేపో ఈనేలా ఉంది. కొత్త గోడలు లేచాయి. నడిమి దూలం ఎక్కితే పైకప్పు వేసుకోవచ్చు. కానీ ఆ దూలాన్ని ఊళ్ళో మగవాళ్ళంతా కలిసి ఎత్తబోయి, నడుములు పట్టుకుని కూలబడ్డారు.

"వచ్చినావా నంజీ! నీకోసమే చూస్తా ఉండాను" అన్నాడు మామ. "మేమంతా గోడలమీద ఉంటాము. డ్రైవరుకు ఆడనుంచి గోడమీద దూలం కూర్చునే గాడి కనపడదు. నువ్వు ఈ బండమీద నిలుచుకో. దూలం గాడికి నేరుగా వస్తానే ఈ ఎర్రగుడ్డ ఎత్తు. బసణ్ణ ఆపేస్తాడు. నోరు మాత్రం తెరవద్దు. ఇంజను మోతలో ఒకరి మాట ఒకరికి ఇనపడదు."

"సరే మామా!"

డ్రైవరు బసణ్ణ హుబ్బళ్ళి వైపు మనిషి. ఈ ఊరికి వచ్చి వారమైంది. తెలుగు ఒకటో రెండో ముక్కలు తప్ప రావు.

నంజి బండ ఎక్కింది. ఊరంతా తననే చూస్తున్నట్టు అనిపించింది. ఇక ఊరుకుంటుందా! ఎర్రగుడ్డను పెద్దమనిషిలా తలకు పాగా చుట్టుకుంది.

ఇంజను డబడబమంది. బసణ్ణ ఒక పిడి లాగాడు. కొంగ మెడ నెమ్మదిగా పైకి లేచింది. గొలుసు బిగిసింది. దూలం ఒక కొస కదిలింది, రెండో కొస కదిలింది, మొత్తం నేల విడిచింది!

నంజి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. అంతమంది ఎత్తలేని దూలం గాలిలో ఊగుతోంది. దాని నీడ నంజి మీదుగా జరిగిపోయింది. ఒళ్ళు జల్లుమంది. ఇందాక నవ్విన వాళ్ళు కూడా తలలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

ట్రాక్టరు అంగుళం అంగుళం వెనక్కి వచ్చింది. దూలం గాడికి నేరుగా వచ్చింది. నంజికి గుడ్డ సంగతే గుర్తు రాలేదు.

"చాలూ! చాలూ!" అని గొంతు చించుకుని అరిచింది.

అంత మోతలోనూ ఆ కేక బసణ్ణకు వినిపించింది. అతను తలూపి, ట్రాక్టరును ఇంకా వెనక్కి పోనిచ్చాడు!

దూలం పోయి గోడను గుద్దింది. పైరాళ్ళు దడదడా రాలాయి. వాటి పక్కనే ఉన్న నంజి నాన్న బైరప్ప కిందికి దూకేశాడు.

"నాయనా!" అని కేక పెట్టింది నంజి.

దుమ్ములోంచి బైరప్ప లేచాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. నంజికి పోయిన ప్రాణం లేచివచ్చింది.

మామ గోడ దిగి వచ్చి కోపంతో ఊగిపోయాడు. "ఏమయ్యా బసణ్ణా, నీకు చెవులుండాయా లేదా? చాలు చాలని బిడ్డ అరిస్తే ఇంకా తోస్తావా? నీ పని వద్దు, ఏమీ వద్దు. పో, మీ ఊరికి పో!"

బసణ్ణ ముఖం పాలిపోయింది. "పాపా చాలూ... చాలూ అనె... నేను చాలూ చేస్తిని..." అన్నాడు. అంతకంటే చెప్పడానికి అతనికి తెలుగు రాదు.

అందరూ అతన్నే తిడుతున్నారు. పాగా ఇంకా నంజి తలమీదే ఉంది. అది ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. నంజి బండ దిగి మామ ముందుకు పోయింది.

"మామా, బసణ్ణను తిట్టొద్దు. నేను గుడ్డ ఎత్తలేదు. నోటితో అరిచినాను."

పక్కనే ఉన్న అవ్వ తిమ్మక్క బుగ్గన వేలు పెట్టుకుంది. ఆమె చాలా ఏళ్ళు కన్నడ సీమలో బతికి వచ్చిన మనిషి.

"అయ్యో రామా! వాళ్ళ వైపు చాలూ అంటే ఏమనుకున్నారు? బండి నడుపు అని! ఈ పిల్ల ఆపమంటే ఆయప్పకు పోనీమని ఇనిపించింది."

నంజి కళ్ళు ఇంతింత చేసుకుంది. ఒకటే మాట. తన నోట్లో ఉన్నప్పుడు 'ఆపు'. బసణ్ణ చెవిలో పడేసరికి 'నడుపు'! తాను పుట్టినప్పటినుంచీ వాడుతున్న మాట మధ్యదారిలో ఇట్లా తిరగబడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మామ తల గోక్కున్నాడు. బసణ్ణ భుజంమీద చెయ్యి వేసి, "తప్పైపోయిందప్పా. ఈడే ఉండు" అన్నాడు.

గోడ మళ్ళీ కట్టుకునేసరికి మూడో రోజు వచ్చింది. కొండలమీద నల్లమబ్బు పట్టింది. కెంపి ఒకచోట నిలవలేక అటూ ఇటూ తిరుగుతోంది. ఇవాళ దూలం ఎక్కాలి, లేకపోతే దూడ వానలోనే పుడుతుంది.

నంజి బండ దగ్గరికి పోలేదు. ముందు ట్రాక్టరు దగ్గరికి పోయి, ఆగమన్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టి చూపించింది.

"అన్నా, ఆపు అనేదానికి మీ మాటలో ఏమంటారు?"

"నిల్లిసు" అన్నాడు బసణ్ణ.

నంజి గుడ్డ పైకెత్తింది. "ఇట్ల ఎత్తితే?"

"నిల్లిసు!"

"మెల్లగా దించితే?"

బసణ్ణ కొంగ మెడ చూపించి, అరచేతిని మెల్లగా కిందికి దించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అయినా నంజి ఇంకోసారి అడిగి, ఇంకోసారి చెప్పించుకుంది.

ఇంజను మోగింది. దూలం మళ్ళీ గాలిలోకి లేచింది. గాడికి నేరుగా వచ్చింది. నంజి పెదవులు బిగించి గుడ్డ ఎత్తింది. ఎత్తి దూలాన్ని చూస్తూ ఉండిపోలేదు. గబుక్కున బసణ్ణ ముఖంలోకి చూసింది. చూశాడా? అర్థమైందా?

బసణ్ణ తలూపాడు. ట్రాక్టరు ఆగింది.

అప్పుడు గుడ్డను కొంచెం కొంచెంగా దించసాగింది. తల పక్కకు తిప్పాలని ప్రాణం కొట్టుకుంది. అంత పెద్ద వింత పక్కనే జరుగుతోంది మరి! అయినా బసణ్ణ మీదినుంచి కళ్ళు తీయలేదు. గొలుసు కిర్రుమంది. ధన్‌మని చప్పుడైంది. జనమంతా ఒక్కసారిగా కేకలు వేశారు. నంజి అప్పటికీ తిరిగి చూడలేదు.

బసణ్ణ పిడి వదిలి రెండు చేతులూ పైకెత్తాడు.

"కూర్చుందా అన్నా?" అని అడిగింది నంజి.

బసణ్ణ నవ్వుతూ గోడవైపు చెయ్యి చూపించాడు. నంజి అప్పుడు తిరిగి చూసింది. ఆకాశానికి అడ్డంగా దూలం, దానిమీద గుర్రమెక్కినట్టు కూర్చుని వాళ్ళ నాయన చేతులూపుతున్నాడు.