కార్డు వెనకవైపు

"ఏమప్పా, కండ్లు కనపడవా? సీటులో టిఫిన్ సంచి ఉండాది కదా!"

సాయంత్రం ఆరు గంటలకు, రాయదుర్గం బస్టాండులో, కణేకల్ పోయే పల్లెవెలుగు బస్సులో నాగేశ్వర తిన్న తిట్టు అది. పని సంగతి కాకుండా ఆ రోజు అతనితో ఒక మనిషి మాట్లాడిన మొదటి మాట కూడా అదే.

సంచిని తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు పాపం. ఆ సంచిని కిటికీలోంచి లోపలికి వేసి, జనాన్ని తోసుకుంటూ ముందు తలుపులోంచి ఎక్కి వచ్చిన అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది. ముఖానికి దుమ్ము తగలకుండా చున్నీ చుట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు చాలు, మిగతా ముఖం ఎంత కోపంగా ఉందో చెప్పడానికి.

"సంచి వేస్తే సీటు మీదైపోతుందా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఈడ అందరూ సీట్లు అట్లే పట్టుకుంటారు. నువ్వు కొత్తనా బస్సుకు? అది కూడా పోనీ, నీ నెత్తిమీద ఏం రాసినారో చూడు."

నెత్తిమీద 'స్త్రీలు' అని రాసి ఉంది. బస్సంతా నవ్వింది. నాగేశ్వర సంచి ఇచ్చేసి లేచాడు. పాతిక కిలోమీటర్లూ కడ్డీ పట్టుకుని, తనలో తను నవ్వుకుంటూ నిలబడ్డాడు. తిట్లు తిని మురిసిపోయే మనిషిని చూసి కండక్టర్ శివప్పకు అనుమానం వచ్చింది.

"ఏమన్నా, ఒంట్లో బాగుండాది కదా?" అని అడిగాడు.

బాగానే ఉంది. చాలా రోజుల తర్వాత బాగుంది.

నాగేశ్వరకు ముప్పై రెండేళ్ళు. ఊరు కణేకల్, రాయదుర్గంలో మోటార్ వైండింగ్ షాపు. బోర్లలో నీళ్ళు అడుగంటి మోటార్లు కాలిపోయే కొద్దీ అతనికి పని పెరుగుతుంది. అంటే పనికి కొదవ లేదు. కొదవంతా మనుషులకే. అమ్మ పోయి రెండేళ్ళయింది. చెల్లెలు పెళ్ళయి గోరంట్లలో ఉంది. పొద్దున హెల్మెట్ పెట్టుకుని బండెక్కితే దారి పొడవునా తన ఊపిరి తనకే వినిపిస్తుంది, అంతే. సాయంత్రం ఇంటికి వచ్చి టీవీ పెడతాడు, చూడ్డానికి కాదు, ఇంట్లో ఒక గొంతు ఉండాలని. ఒకసారి గ్యాస్ బుక్ చేయడానికి ఫోన్ చేస్తే, అవతల రికార్డు గొంతు 'ధన్యవాదాలు' అంది. "సరే, ఉంటానమ్మా" అని పెట్టేశాడు. పెట్టేశాక తన మీద తనకే జాలేసింది.

ఆ రోజు బండి రిపేరులో ఉంది కాబట్టి బస్సెక్కాడు. మరుసటి రోజు బండి బాగై వచ్చింది. అయినా పొద్దున ఏడూ నలభైకి బస్టాపులో నిలబడ్డాడు. అడిగినవాళ్ళకు పెట్రోలు కలిసొస్తుందని చెప్పాడు.

ఆ అమ్మాయి బొమ్మగుట్ట క్రాస్‌లో ఎక్కేది. పేరు ప్రశాంతి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఆమె మాట్లాడగా విని ఉండరు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో జేబులు కుడుతుంది. వేళ్ళ కొసలకు ఎప్పుడూ నీలం రంగు. ఆమె ఎడమ వరుసలో ఆడవాళ్ళ సీట్లలో, అతను నడవాకు ఇవతల కుడి వరుసలో.

"నీకు బండి ఉండాదంట కదన్నా? శివప్పన్న చెప్పినాడు. మరి ఈ డొక్కు బస్సులో ఎందుకు ఊగుతాండావు?" అని అడిగింది రెండో వారంలో.

"బండి మీద పోతే తిట్టేవాళ్ళు లేరు."

ఒక్క క్షణం అతని వైపు చూసి, పకపకా నవ్వింది. "అట్లయితే రోజూ తిడతాలే. మాకు టికెట్ ఫ్రీ, నీకు తిట్లు ఫ్రీ."

చెప్పినట్టే తిట్టింది. చొక్కా మీద వార్నిష్ మరకకు తిట్టింది, పొద్దున ఏమీ తినకుండా వస్తున్నందుకు తిట్టింది. నాగేశ్వర కావాలనే ఒకటి రెండు తప్పులు చేసుకుని బస్సెక్కిన రోజులున్నాయి.

ఒక సాయంత్రం వాన వచ్చింది. వానంటే గొప్పగా అనుకోవద్దు. ఐదు నిమిషాలు. మిగతా ఊళ్ళలో వాన పడితే కిటికీలు మూస్తారు, ఇక్కడ బస్సంతా కిటికీలు తెరిచి చేతులు బయట పెట్టింది. డ్రైవర్ కూడా ఒక చెయ్యి పెట్టాడు. ప్రశాంతి అరచేతిలో పట్టిన నాలుగు చుక్కలు నడవా దాటించి నాగేశ్వర ముఖం మీద చిలకరించింది.

"ఏం, అట్ల చూస్తాండావు? నీళ్ళు ఎప్పుడూ చూడలేదా నువ్వు?"

'నువ్వు' తర్వాత రావలసిన 'అన్నా' రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ పైన ఇక రానే లేదు.

చూడకూడదనుకుంటూనే చూశాడు. మెడలో నల్లపూసలు లేవు. కాళ్ళకు మెట్టెలు లేవు. వచ్చే సోమవారం అడిగేయాలని నిర్ణయించుకున్నాడు. ఎలా అడగాలో ఆదివారమంతా అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాడు. అద్దంలోని మనిషి అన్నిటికీ ఒప్పుకున్నాడు.

సోమవారం పొద్దున దారి మధ్యలో చెకింగ్ వాళ్ళు ఎక్కారు. రోజూ చూసే ముఖం కాబట్టి శివప్ప ఎప్పుడూ ఆమెను కార్డు అడిగేవాడు కాదు. వీళ్ళలో ఒకాయన అడిగాడు.

"ఆధార్ చూపించమ్మా."

ప్రశాంతి పర్సులోంచి కార్డు తీసి ఆయన ముఖం ముందు పట్టుకుంది. ముందువైపు ఆయనకు, వెనకవైపు నాగేశ్వరకు. అడ్రసు మొదటి వరుసలో స్పష్టంగా ఉంది. డబ్ల్యూ/ఓ జయచంద్ర, బొమ్మగుట్ట.

జయచంద్ర భార్య.

మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు మెడలో ఏవీ వేసుకోరని, వేసుకున్నా లోపలికి తోసుకుంటారని, మెట్టెలు పెట్టుకోనివాళ్ళూ ఉంటారని అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. పరాయివాడి భార్య కోసమా తను ఆదివారమంతా అద్దంతో మాట్లాడింది! రాయదుర్గంలో ఆమె "సాయంత్రం కనపడు" అంటుంటే విననట్టు దిగిపోయాడు.

మర్నాడు హెల్మెట్ పెట్టుకున్నాడు.

మూడు వారాలు బండి మీదే తిరిగాడు. బస్సు కంటే పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరినా, దారిలో ఎక్కడో ఒకచోట దాన్ని దాటాల్సి వచ్చేది. దాటేటప్పుడు ఎడమవైపు తల తిప్పేవాడు కాదు. అంతకుముందు కూడా ఒంటరిగానే ఉన్నాడు, కానీ అప్పుడు అది అలవాటు. ఇప్పుడు ఆ అలవాటు పోయింది. టీవీ పెట్టినా ఇల్లు నిండలేదు. అన్నం వండుకుని, తినకుండా పొద్దున కుక్కకు పెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, యాభై అయిదేళ్ళ ఆడమనిషి షాపు మెట్లెక్కి వచ్చింది. చేతిలో మోటారు లేదు, ఫ్యూజు లేదు.

"నాగేశ్వర అంటే నువ్వేనా అప్పా?"

"నేనేనమ్మా. మోటారు యాడుండాది?"

"మోటారు బాగానే ఉండాది. మనుషులే బాగలేరు. నా పేరు హనుమక్క, బొమ్మగుట్ట. ప్రశాంతి నా కోడలు."

నాగేశ్వర చేతిలోని రాగితీగ కింద పెట్టాడు. "అమ్మా, నేనేం తప్పుగా మాట్లాడలేదు..."

"తప్పు మాట్లాడినావని ఎవురన్నారు? మాట్లాడకుండా పోయినావనే వచ్చినా." స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ పిల్ల రోజూ ఇంటికొచ్చి బస్సులో జరిగిందంతా చెప్పేది. చెప్పి నవ్వేది. మూడు వారాల నుంచి గమ్మున అన్నం తిని గోడకు తిరిగి పడుకుంటాది. నీకు జ్వరమో ఏమో, చూసిపోదామని బస్సెక్కినా. చూస్తే బాగానే ఉండావు."

"మీ అబ్బాయికి తెలిస్తే బాగుండదు కదమ్మా."

"ఏ అబ్బాయి?"

"జయచంద్ర... ఆమె కార్డు మీద చూసినా."

హనుమక్క కొంగు చేతిలోకి తీసుకుంది.

"నా కొడుకు పోయి మూడేండ్లయింది నాయనా. జ్వరమొచ్చి నాలుగు దినాల్లో పోయినాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "కార్డులో మా నాయన పేరు రాయించుకుంటా అత్తా అని ఆ పిల్ల రెండు మాట్లు అడిగింది. నేనే వద్దన్నా. రేషన్ కార్డులో వాని పేరు తీసేసినారు. ఓటర్ల లిస్టులో తీసేసినారు. వాని పేరు ఇంకా బతికుండేది ఆ పిల్ల కార్డు మీదే. అది కూడా పోతే నాకు కొడుకే లేనట్టయితాదని..."

నాగేశ్వర లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఆమె తాగి, లేచి నిలబడింది. "ఆ పేరు తీయిస్తా, నేనే తోడుండి తీయిస్తా. ఇప్పుడు చెప్పు, ఆ పిల్లంటే నీకు ఇష్టమేనా? బిరబిరా చెప్పు, నాకు నాలుగు గంటల బస్సుండాది."

"ఇష్టమే అమ్మా."

"నాకు చెప్తే ఏం లాభం? ఆరు గంటల బస్సులో వస్తాది. ఆ పిల్లకు చెప్పు."

"మరి మీరు? ఒక్కరే అయిపోతారు కదా?"

"నాకేమప్పా," అంది హనుమక్క, అతని వైపు చూడకుండా మెట్లు దిగుతూ. "అలవాటైపోతాది."

ఆ అలవాటు ఎలాంటిదో నాగేశ్వరకు బాగా తెలుసు.

సాయంత్రం బండిని షాపులోనే పెట్టి షట్టర్ వేసి, బస్సెక్కి కుడి వరుసలో కూర్చున్నాడు. ప్రశాంతి ఎక్కింది, చూసింది, కిటికీ వైపు తిరిగింది. బస్సు ఊరు దాటింది.

"తిట్టవా?" అన్నాడు చివరికి.

"ఎవురు నువ్వు?"

"మీ అత్త వచ్చింది షాపుకు. అంతా చెప్పింది."

చటుక్కున తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. "కార్డు చదివినావు. మూడు అడుగుల దూరంలో నేనుంటే నన్ను అడగలేదు. దినామూ బండి మీద సర్రుమని దాటిపోతాంటివి. నేను ఏం తప్పు మాట్లాడినానో అని మూడు వారాలు లెక్క వేసుకున్నా, తెలుసునా నీకు?"

"తప్పు నాదే. ముందే అడగాల్సింది, భయపడినా. ఇప్పుడు అడుగుతాండా. నన్ను చేసుకుంటావా?"

ముందు సీటులోని ఇద్దరు ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. శివప్ప టికెట్ మిషన్ నొక్కడం మరిచిపోయాడు.

ప్రశాంతి చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంది. "నాకూ ఇష్టమే," అంది చాలా మెల్లగా. "కానీ నేను రాలేను. మా అత్తకు నేను తప్ప ఎవురూ లేరు. నేను వచ్చేస్తే ఆ ఇంట్లో ఒక్కతే గోడలు చూస్తా కూర్చుంటాది. అది నాతో కాదు."

బొమ్మగుట్ట క్రాస్‌లో బస్సు ఆగింది. ఆమె దిగింది. వెనకాలే అతనూ దిగాడు.

"ఏమన్నా, కణేకల్ ఇంకా రాలేదు!" అని శివప్ప అరిచాడు. ముందు సీటు ఆవిడ "పోనీలేప్పా, రైట్ రైట్," అని తనే చెప్పేసింది.

హనుమక్క వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఇద్దరూ కలిసి రావడం చూసి చేట పక్కన పెట్టింది. ప్రశాంతి తల వంచుకుని లోపలికి పోయింది. ముఖంలో సంతోషం, దాని వెనకే బెంగ.

"ఏమంటాది మా పిల్ల?"

"ఒప్పుకోలేదమ్మా. మిమ్మల్ని వదిలిపెట్టి రాదంట. అందుకే మిమ్మల్నే అడుగుదామని వచ్చినా. మీరు కూడా మా ఇంటికి రావాల."

"నేనా? ఏమవుతానని రావాలప్పా నీ ఇంటికి? ఊర్లో ఎవురన్నా అడిగితే ఏం చెప్తావు?"

నాగేశ్వర ఆలోచించాడు. ఆ వరసకు పేరు అతనికీ తెలియదు.

"ఏమవుతారో నాకు తెల్దు. మా ఇంట్లో నేను అమ్మా అని పిలిచి రెండేండ్లయింది. పిలిస్తే పలికేదానికి ఒక మనిషి కావాల."

హనుమక్క అతన్ని చూసింది. తర్వాత లేచి, కళ్ళు కనపడకుండా తల పక్కకు తిప్పుకుని లోపలికి కేకేసింది.

"ప్రశాంతీ, అన్నం తినేదానికి మూడు తట్టలు పెట్టు."