లేని మేనత్తకి పుట్టినరోజు

మొదటి చూపులోనే ప్రేమలో పడ్డామని చాలామంది చెప్పుకుంటారు. మనవాడికి ఆ మొదటి చూపే సరిగ్గా ఆనలేదు. మూతికి మాస్కు, ముక్కు మీద కళ్ళద్దాలు, ఊపిరి వదిలితే చాలు అద్దాల నిండా ఆవిరి. చేసేది కళ్ళద్దాల షాపులో పని. ఊరందరి చూపూ సరిచేసే ఆ పెద్దమనిషి, గేటు అవతల మసగ్గా కనిపించిన ఏప్రన్‌ని చూసి, "ఆంటీ, మా అక్క పుట్టినరోజుకి కేకు కావాలండీ" అన్నాడు.

ఏప్రన్ చాలా మర్యాదగా, "అలాగే తాతగారూ. అక్కగారికి తొంభై నిండాయా?" అని అడిగింది.

ఆ గొంతుకి పాతికేళ్ళు కూడా ఉండవు. మనవాడు గబగబా కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని చూశాడు. మాస్కు పైన రెండు పెద్ద కళ్ళు, కనుబొమ్మ మీద కాస్త మైదాపిండి. ఆ కళ్ళు నవ్వుతున్నాయో, కోప్పడుతున్నాయో తేల్చుకునేలోపే మళ్ళీ ఆవిరి కమ్మేసింది.

జబ్బు భయంతో షాపులన్నీ మూసేసిన రోజులవి. ఆ అమ్మాయి పనిచేసే బేకరీ కూడా మూతపడింది. చుట్టపుచూపుగా వేరే ఊరు వెళ్ళిన అమ్మానాన్నలు రైళ్ళు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయారు. ఒక్కతీ ఏం చేస్తుంది? ఇంటి వంటగదిలోనే కేకులు చేసి, గేటు బయట ఒక స్టూలు వేసి, దాని మీద పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది.

మనవాడి ఇంట్లో పుట్టినరోజులంటే మాటలు కాదు. ఇదివరకు ఎవరి పుట్టినరోజైనా అందరూ ఒక్క చోటే చేరేవాళ్ళు. ఇప్పుడేమో మనవాడూ అమ్మానాన్నలూ ఒక ఇంట్లో, అక్కా బావా ఒక ఇంట్లో, బాబాయీ పిన్నీ నాయనమ్మా ఇంకో ఇంట్లో. ఒకరింట్లో ఒకరు అడుగు పెట్టడానికి లేదు, వీడియో కాలే గతి. మూడు ఇళ్ళలో మూడు కేకులు కోస్తే అది మూడు పుట్టినరోజులవుతుంది గాని ఒకటెలా అవుతుందని అమ్మ పట్టుబట్టింది. ఒకటే కేకు చేయించాలి, దాన్నే మూడు ముక్కలు చేసి మూడు ఇళ్ళకీ పంచాలి. పంచే పని స్కూటరున్న మనవాడిది.

ముస్తాబు చేసిన కేకుని ముందే కోసి ఇమ్మనేసరికి కేకులమ్మాయి ప్రాణం ఉసూరుమంది. పుట్టినరోజు కేకు పుట్టినరోజు మనిషి కొయ్యాలి గాని నేనెలా కోస్తానంది. కావాలంటే మా అమ్మకి మీరే చెప్పుకోండని అతను ఇంటికి ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేశాడు. ఎదురింటి పెంకి ఆవిడతోనే నీళ్ళ గొడవలో నెగ్గుకొచ్చిన మనిషి అమ్మ, ఈ పిల్ల ఒక లెక్కా? ఫోన్ పెట్టేసేసరికి కేకులమ్మాయి నోరు మెదపకుండా కత్తి తెచ్చుకుంది. పైగా ఇంటి ఫోన్ నంబరు కూడా రాసుకుంది, అమ్మ రాసుకోమంది కాబట్టి.

ఆ సాయంత్రం కాల్‌లో మూడు ముక్కలూ కెమెరా ముందు పెట్టి గుండ్రంగా కలపాలని నాయనమ్మ ముచ్చటపడింది. ఎవరి ఫోన్‌లో వాళ్ళకి మనుషులు వేరే వరుసలో కనిపిస్తారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నువ్వు కుడికి తిప్పంటే నువ్వే ఎడమకి తిప్పని అరగంట వాదించుకున్నారు. ఈలోపు క్రీమంతా కరిగి బాబాయి మోచేతిదాకా కారింది. అయినా ఇంత బాగా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో అని అక్క కళ్ళు తుడుచుకుంది.

తర్వాత నాన్న పుట్టినరోజు, ఆ వెనకే బావది, ఆ పైన పిన్నిది. ప్రతిసారీ అదే గేటు, అదే స్టూలు. తాతగారి మోకాళ్ళెలా ఉన్నాయి, రాత్రిపూట నిద్ర పడుతోందా అని ఆమె కుశలమడిగేది. ఆంటీగారి దయవల్ల బాగానే ఉన్నామని అతను చెప్పేవాడు. అద్దాలకి సబ్బు నీళ్ళు రాసి ఆరబెడితే ఆవిరి పట్టదని మూతపడకముందు తన షాపుకొచ్చే వాళ్ళందరికీ చెప్పేవాడే, తన దాకా వచ్చేసరికి ఆ సంగతి మూడో కేకుకి గాని గుర్తు రాలేదు. ఆ రోజు ఆమె కళ్ళు తేటగా కనిపించాయి. అంతే, కథ అక్కడితో ఆగేటట్టు లేదని అతనికి తెలిసిపోయింది.

చిక్కెక్కడొచ్చిందంటే, పిన్ని పుట్టినరోజు తర్వాత నాయనమ్మ పుట్టినరోజు దాకా ఆ కుటుంబంలో ఇంకెవరూ పుట్టలేదు. ఇంత మంది ఉండి ఈ మధ్యలో ఒక్కరైనా పుట్టకూడదా అని మనవాడు వంశాన్నంతా తిట్టుకున్నాడు. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. అయిదో రోజు గేటు ముందు స్కూటర్ ఆపి, మేనత్త పుట్టినరోజండీ అన్నాడు.

ఇన్నాళ్ళూ మేనత్త మాటే రాలేదేమని ఆమె అడిగింది. ఇన్నాళ్ళూ మాటల్లేవు, మొన్ననే కలిశామన్నాడు. అయితే ముక్కలు నాలుగా అంది. వద్దు వద్దు, కొయ్యకండి, ఆవిడ ఒక్కరే తింటారన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. మనవాడు ఆ చదువు చదువుకోలేదు.

కేకులమ్మాయి మాత్రం నమ్మింది. విడిపోయిన మేనత్త మళ్ళీ కలిసిందంటే మాటలా అని ఆ కేకు మీద ఎప్పుడూ లేనన్ని పూలు వేసింది. మనవాడు దాన్ని తన గదిలో దాచుకుని, తలుపేసుకుని, పూటకింత చొప్పున తిన్నాడు. మూడో పూటకి తీపంటేనే విరక్తి పుట్టింది, అయినా ఆమె చేతి కేకుని పారేయడానికి మనసొప్పలేదు.

మర్నాడు ఆమె మేనత్తగారికి కేకు నచ్చిందో లేదో కనుక్కుందామని ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది అమ్మ. "మేనత్తేంటమ్మా? మా ఆయనకి అక్కచెల్లెళ్ళే లేరు" అంది.

ఆ సాయంత్రం అమ్మ ఈ సంగతి కాల్‌లో పెట్టింది. నాయనమ్మ బోసినోటితో నవ్వి, "నాకు తెలీకుండా నాకో కూతురుందట్రా? నా పోలికేనా?" అని అడిగింది. తేలు కుట్టిన దొంగలా మనవాడు చొక్కా సర్దుకున్నాడు. బావ పగలబడి నవ్వాడు, అక్క అయితే మేనత్తకి పేరు కూడా పెట్టబోయింది. నాయనమ్మ మాత్రం ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆ కేకు ఎవరి పొట్టలోకి పోయిందో వాడి చొక్కా గుండీలే చెబుతున్నాయి, ఎందుకు కొన్నాడో అదొక్కటే తేలాలంది.

కేకులమ్మాయి లెక్క వేరేగా తేలింది. కొయ్యని కేకు, ఒక్క మనిషి కోసం, అదీ అబద్ధం చెప్పి. ఇంకేముంది, ఎవరో అమ్మాయికే ఇచ్చుంటాడు. పూలన్నీ తన చేత్తోనే వేసి పంపింది కదా అని ఆ రాత్రి ఆమెకి తన మీద తనకే ఏడుపొచ్చింది.

నాయనమ్మ కేకు చెప్పడానికి అతను వెళ్ళేసరికి స్టూలు రోడ్డు దాకా జరిగిపోయి ఉంది. కుశలప్రశ్నలు లేవు. ఏం రుచి కావాలి సార్, ఎన్నింటికి కావాలి సార్, అంతే. తాతగారూ అని ఆటపట్టించినప్పుడు ఎంత హాయిగా ఉండేదో ఆ సార్ అన్న మాట విన్నాక గాని అతనికి తెలియలేదు. చివరికి ఆమె, ఇది ఒప్పుకున్నాను కాబట్టి చేస్తానని, దీని తర్వాత మీ ఇంటి ఆర్డర్లు తీసుకోనని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

పుట్టినరోజు పొద్దున్నే వెళ్ళి గేటు ముందు నిలబడ్డాడు. ఆమె కేకు తెచ్చింది, కత్తి తీసింది. మూడేగా అంది.

"నాలుగు చెయ్యండి" అన్నాడు.

"మేనత్తగారికా?"

"మేనత్త లేదండీ. ఆ కేకు మొత్తం నేనే తిన్నాను. ఇప్పటికీ బెల్టు పట్టట్లేదు." కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మా ఇంట్లో పుట్టినరోజులు అయిపోయాయి. మీ గేటు దాకా రావడానికి నాకింకో సాకు దొరకలేదు."

ఆమె కత్తి అలాగే పట్టుకుని నిలబడింది. కోపం ఎటు పోయిందో వెతుక్కుంటున్నట్టు కళ్ళు అటూ ఇటూ కదిలాయి.

"మరి నాలుగో ముక్క ఎవరికి?"

"మీకు. మా వాళ్ళందరికీ కేకులు చేశారు, ఒక్కదాంట్లోనూ ముక్క తినలేదు. తినమని మేమూ అనలేదు, తప్పు మాదే. సాయంత్రం అందరం ఒకేసారి తింటాం, మీరూ కాల్‌లోకి రండి. మీరంటే నాకు చాలా ఇష్టం. మీకు నేను నచ్చకపోతే ఇక ఈ గేటు వైపు రాను, ఆ ముక్క మాత్రం మీదే."

ఆమె కేకు తీసుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి తిరిగొచ్చి మూడు డబ్బాలు స్టూలు మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా తలుపేసుకుంది. మూడు డబ్బాలు. మనవాడు వాటిని ఇళ్ళకి పంచుతూ దారంతా తనని తాను తిట్టుకున్నాడు. డబ్బాలు మూడే ఇచ్చాక కూడా కాల్‌కి రమ్మన్న లింకు ఎందుకు పంపావురా, ఇంకా ఆశేమిట్రా అనుకున్నాడు.

సాయంత్రం డబ్బాలు తెరిచారు. ముందు నాయనమ్మే పసిగట్టింది.

"ముక్క చిన్నదైందేంట్రా? మూడు కలిపినా ఒక మూల ఖాళీగానే ఉండేట్టుంది."

మనవాడు తన ముక్క చూశాడు, అక్క ముక్క చూశాడు. ఒక్కొక్కటీ సరిగ్గా కేకులో నాలుగో వంతు. అంటే నాలుగోది ఆమె దగ్గర ఉండిపోయింది.

అంతలో స్క్రీన్ మీద ఇంకో గడి తెరుచుకుంది. మాస్కు లేని ఆ ముఖాన్ని అతను చూడటం అదే మొదలు, అదీ అమ్మానాన్నలతో సహా యావత్ కుటుంబం ఎదుట. ఎడమ బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ ఉందని ఇన్నాళ్ళూ అతనికి తెలియదు. నోరు తెరిచి అలాగే చూస్తుండిపోతే నాన్న మోచేత్తో పొడిచాడు.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి తాతగారూ" అంది.

"ఎవరే తాతగారు?" అంది నాయనమ్మ. విషయం తెలిశాక అక్క కడుపు పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులన్నీ సద్దుమణిగాక అందరూ ఒకేసారి కేకు తిన్నారు. ఒక్కతీ కూర్చుని తినడం అలవాటు చేసుకున్న ఆ అమ్మాయి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపటిదాకా మింగలేకపోయింది. కేకులో పంచదార కొంచెం ఎక్కువైందని మాత్రం చెప్పింది.

నాయనమ్మ ఆమె పుట్టినరోజు ఎప్పుడని అడిగింది. వచ్చే నెలేనంది. అయితే పుట్టినరోజు పిల్ల ఓవెన్ జోలికి పోకూడదు, ఆ కేకు వీడే చెయ్యాలని నాయనమ్మ తీర్పు చెప్పింది. గుడ్డు కొట్టమంటే గిన్నె పగలగొట్టే రకమని అక్క హెచ్చరించింది. అయినా చేస్తానన్నాడు మనవాడు. నాలుగు ముక్కలు కోసి తెస్తానన్నాడు.

"మూడు చాలండీ" అంది ఆమె.

అతని ముఖం చిన్నబోయింది. తనకి వద్దంటోందనుకున్నాడు.

"రైళ్ళు మొదలవుతున్నాయట. అప్పటికి అమ్మానాన్నా వచ్చేస్తారు. మా ఇంటికి ముక్క పంపొద్దు, ముగ్గురం మీ ఇంటికే వచ్చి తింటాం."

ముందు అమ్మే తేరుకుని, మా వాడి సంగతి మీ వాళ్ళకి తెలుసా అమ్మా అని మెల్లగా అడిగింది.

ఆమె తల వంచుకుని ప్లేటులో మిగిలిన క్రీము వేలితో తీసింది.

"పొద్దున కేకు కొయ్యకముందే ఫోన్ చేసి చెప్పేశానండీ. అందుకే ఈయనకి డబ్బాలు ఇవ్వడం లేటైంది."