నలభై స్ప్రింగుల డబ్బా

"మా బండిని బాగుచేసి పాడుచేశారు మీరు," అంది ఆమె, నా షెడ్డు గుమ్మంలో నిలబడి.

బయట వాన. తడిసిన గొడుగు మూసి, ఎక్కడ పెట్టాలో తోచక నా పాత ట్రాక్టర్ స్టీరింగుకి తగిలించింది. ఇంకెవరైనా అయితే ఊరుకునేవాణ్ణి కాదు. నా షెడ్డులో పదకొండు పాత ట్రాక్టర్లు, రెండు నూర్పిడి యంత్రాలు ఉన్నాయి. వాటి మీద ఈగను కూడా వాలనివ్వనని మా అమ్మ అందరికీ చెబుతుంటుంది. ఎవరింటికి వెళ్ళినా మనుషుల్ని పలకరించకుండా, వాళ్ళ కొట్టంలో పాత ఇనుమేమైనా ఉందా అని చూస్తానని కూడా చెబుతుంది. అలా రెండుసార్లే జరిగింది.

ఆమె నాకు ట్రాక్టర్ అమ్మిన పెద్దాయన కూతురు. పోస్టాఫీసులో పని చేస్తుంది. ఆయనకి చూపు పూర్తిగా పోయాక, కొట్టంలో తుప్పు పడుతున్న ఆ ఒంటి సిలిండర్ బండిని అమ్మేద్దామని ఒప్పించింది ఆమే. బాగయ్యాక ఒకసారి తెచ్చి వినిపించాలని ఆయన షరతు పెట్టారు. కిందటి ఆదివారం నేను దర్జాగా నడుపుకుంటూ వెళ్ళి వాళ్ళ వాకిట్లో ఆపాను. ఆయన వరండాలో నిలబడి ఒక్క నిమిషం విన్నారు. "ఇది మన బండి కాదు," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి కూతురితో సరిగ్గా మాట్లాడడం లేదట. పెట్టింది తింటున్నారు, అడిగినదానికి ఊఁ అంటున్నారు, అంతే. బండిని అమ్మించినందుకు నాన్నకి తన మీద మనసు విరిగిందని చెప్పింది.

తప్పెక్కడ జరిగిందో నాకు అర్థమైంది. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే చిన్న స్ప్రింగ్ ఒకటి సాగిపోయి, ఆ బండి తడబడుతూ నడిచేది. నేను కొత్తది వేసి తడబాటు పోగొట్టాను. పాతది పారేశానా అంటే, మాలాంటి పిచ్చివాళ్ళం ఏదీ పారెయ్యం. నలభై పాత స్ప్రింగులున్న డబ్బాలో కలిపేశాను. ఆమెకి అదే చెప్పాను.

"మళ్ళీ అలాగే చెడగొట్టండి," అంది.

ఎలా తడబడేదో గుర్తుందా అని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూనే నోటితో వినిపించింది. "డగ్... డగ్... డగ్‌డగ్‌డగ్... డగ్." చివరి డగ్గుకి తల కూడా ఊపింది. అంతే, నా పని అయిపోయింది.

మర్నాటి నుంచి పోస్టాఫీసు మూయగానే వచ్చేది. నేను ఒక్కో స్ప్రింగూ బిగించి స్టార్ట్ చేస్తే కళ్ళు మూసుకుని వినేది. దీనికి దగ్గు పట్టుకుంది అనేది. ఇది మరీ హడావుడి మనిషి అనేది. మధ్యలో నేను పెట్టిన టీ తాగేవాళ్ళం. నా చేతి గ్రీజు కప్పుకి, అక్కణ్ణుంచి ఆమె బుగ్గకి అంటింది. ఆ మరకతోనే ఇంటికెళ్ళింది. మర్నాడు వచ్చి, దారిపొడవునా అందరూ చూశారు, మీకు మాత్రం కనబడలేదా అని నిలదీసింది. చూడబుద్ధేసే చెప్పలేదని నోరు జారాను. తర్వాత రెండు స్ప్రింగులు మారేదాకా ఆమె నా వైపు చూడలేదు.

నిజం చెప్పాలంటే అసలు స్ప్రింగ్ నాలుగో రోజే దొరికింది. దాని వంకర కొన చూశాకే గుర్తొచ్చింది. నా చేత్తో విప్పినదాన్ని నేను గుర్తుపట్టలేనా? చప్పుడు చెయ్యకుండా చొక్కా జేబులో వేసుకున్నాను. అది బిగిస్తే ఆమె మర్నాటి నుంచి రాదు.

తొమ్మిదో రోజు ఆమె నీరసంగా వచ్చి కూర్చుంది. రాత్రి నాన్న అన్నం సగంలోనే లేచి వెళ్ళిపోయారని చెప్పింది. నా మీద నాకే అసహ్యమేసింది. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదే. నాలుగో రోజు నుంచీ నా దగ్గరే ఉంది. ఇస్తే మీరు రావడం మానేస్తారని దాచాను."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, వంకర కొనని వేలితో తడిమింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"రమ్మని అడిగితే రానా?" అంది చివరికి. "ముందు అది బిగించండి. మా నాన్న సంగతి తేలాక మీ సంగతి చూస్తాను."

మర్నాడు పొద్దున్నే వాళ్ళ వాకిట్లో ఇంజన్ ఎప్పట్లాగే తడబడింది. ఆమె తండ్రిని చెయ్యి పట్టి నడిపించుకొచ్చింది. ఆయన బండి మీద అరచెయ్యి ఆనించి విన్నారు. ముఖం వెలిగిపోతుందనుకుంటే చిట్లించుకున్నారు.

"ఎందుకు చెడగొట్టావయ్యా?"

"నువ్వేగా నాన్నా, మన బండి కాదన్నావు," అంది ఆమె, బిత్తరపోయి.

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. ఇరవై ఏళ్ళు ఆ తడబాటుతో కుస్తీ పట్టారట. చివరికి అది పుట్టుకతో వచ్చిన గుణం, ఎవరి వల్లా కాదని అందరికీ చెప్పేశారట.

"నీకూ అదే చెప్పాను కదమ్మా. ఆ రోజు నిక్షేపంలా నడుస్తుంటే, లోపం బండిలో లేదు, నా పనిలో ఉందని తేలిపోయింది. నీ మీద కోపమెందుకు? సిగ్గేసింది. నీతో ఏం మాట్లాడాలో తెలియలేదు."

ఆమె ఆయన పక్కన కూర్చుని, భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నా కళ్ళు కూడా తడిశాయి, ఆయన చూడలేరు కాబట్టి తుడుచుకోలేదు.

కాసేపాగి ఏం మార్చావని నన్ను అడిగారు. స్ప్రింగండీ అన్నాను.

"అరగంట పని. మరి మా అమ్మాయి తొమ్మిది రోజులు నీ షెడ్డుకి ఎందుకొచ్చింది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇక దాచి లాభం లేదు.

"నాలుగు రోజులు స్ప్రింగ్ కోసమండీ. మిగతా ఐదూ నా స్వార్థం. మీ అమ్మాయంటే నాకు ప్రాణం."

ఆయన కూతురి వైపు ముఖం తిప్పారు. ఆమె తల ఎత్తలేదు.

"ఆయన పెట్టే టీ అస్సలు బాగుండదు నాన్నా," అంది. "అయినా రోజూ తాగాను."

పెద్దాయన పెదవుల చివర నవ్వు కదిలింది. ఇంజన్ ఆపమని నాకు చేత్తో సైగ చేశారు.

"ఇద్దరూ కలిసి దాన్ని మళ్ళీ బాగుచెయ్యండి," అన్నారు. "తొందరేం లేదు."