ఏటివంపులో ఒకటో నెంబరు

మా ఊరి సరస్సులో, మంచు మీద హాకీ ఆడే పాత చెక్క రింకు వెనకాల, ఏరు వచ్చి కలిసే చోట ఒక వంపుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. డిసెంబరులో మాకు అయిదింటికే చీకటి. సరస్సంతా పిల్లలు స్కేటింగ్ చేస్తూ కేకలు పెడుతుంటారు గానీ, ఆ వంపు మాత్రం ఖాళీ. గడ్డకట్టిన నీళ్ళ మీద స్కేట్లు గీస్తున్న చప్పుడు అక్కడ వినిపిస్తుందట... మనిషి కనపడడట.

"లౌరి ప్రాక్టీసు చేస్తున్నాడ్రా!" అని మా యూనివర్సిటీ హాకీ కుర్రాళ్ళు, కొత్తగా జట్టులో చేరినవాళ్ళని హడలగొడుతుంటారు.

లౌరి నీమి 1961లో మా జట్టు గోలీ, అంటే గోల్ కాసేవాడు. ఆ డిసెంబరులో వంపు దగ్గర మంచుగడ్డ విరిగి మునిగిపోయాడు. ఎండలకి రింకులో మంచు కరిగిన వారం అది. సరస్సు మీదికి ఎవరూ పోవద్దని అప్పటి కోచ్ గట్టిగా చెప్పాడు. చెప్పినా వినకుండా ఒక్కడే పోయాడని ఊరంతా నమ్మింది. ఆ ఏటి జట్టు పేర్ల బోర్డు మీద వాడి పేరు కూడా ఎక్కించలేదు.

నేను కొత్త రింకులో మంచు నునుపు చేసే బండి నడుపుతాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు చెప్పింది రైనో కంగాస్. ఆ ఏడు కెప్టెన్ ఆయనే. తర్వాత ఇరవై రెండేళ్ళు కోచ్. ఎనభై నాలుగేళ్ళొచ్చినా ఊళ్ళో అందరికీ ఇంకా "కోచ్ గారే".

హాకీ మొదలై డెబ్బై అయిదేళ్ళవుతోందని, జట్టు చరిత్ర రాయమని యూనివర్సిటీ వాళ్ళు ఆయన్నే అడిగారు. సరస్సు మీద ఆడిన తొలిరోజులు, విద్యార్థులే మేకులు కొట్టి కట్టుకున్న చెక్క రింకు... అన్నీ చకచకా రాసేశాడు. 1961 దగ్గర ఆగిపోయాడు.

నెల గడిచింది. ఒక్క వాక్యం పడలేదు.

లౌరి పోయిన తేదీ వచ్చింది. ఆ సాయంత్రం చేతికర్ర పట్టుకుని మంచులో దిగబడుతూ పోతుంటే నేనే ఎదురయ్యాను.

"ఎక్కడికి కోచ్ గారూ, ఈ చలిలో?"

"ఒక పేజీ మిగిలిందోయ్" అని ఆగకుండా వెళ్ళిపోయాడు.

వంపు దగ్గరికి చేరేసరికి ఆయనకి ఆయాసం. ఊపిరి కుదుటపడేదాకా నిలబడ్డాడు. అప్పుడు వినపడింది —

గర్ర్... గర్ర్...

గాలేమో అనుకున్నాడు. గాలి లేదు. కళ్ళు చికిలించి చూశాడు. నక్షత్రాల వెలుగులో ఒక ఆకారం... మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. ఒంటిమీద పాతకాలపు ఉన్ని స్వెట్టరు. వీపు మీద తెల్లగా ఒకటో నెంబరు.

గోలీ నెంబరు.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పారిపోదామని కూడా తోచలేదు.

"లౌరీ..." అని గొణిగాడు. "నేనేరా, రైనోని. నిన్ను నేనే రమ్మన్నాను కదరా. శనివారం ఆడాలంటే నా షాట్లు నలభై ఆపి చూపించమన్నాను. పక్ బిళ్ళ ఏటివైపు జారిపోతే నిన్నే తెమ్మన్నాను. అక్కడ పలచనేమో అన్నావు... పిరికివాడివి, గోలెలా కాస్తావురా అన్నాను."

ఆకారం ఆగింది. ఇటు తిరగలేదు.

"రెండుసార్లు పిలిచావు. నా పేరు పెట్టే పిలిచావు. నేను పరిగెత్తాను — సాయం కోసం కాదురా. గదిలోకి పోయి దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. పొద్దున్న అడిగితే... ఒక్కడే పోయుంటాడు అన్నాను. అందరూ నమ్మారు. నన్నే కోచ్‌ని చేశారు..."



స్కేట్లు మళ్ళీ గీసుకున్నాయి. ఆకారం ఇటు తిరిగి, తిన్నగా ఆయన వైపు జారుతూ వచ్చింది. మొహం ఉండాల్సిన చోట నల్లగా... ఏమీ లేదు. రెండడుగుల దూరంలో నిలబడింది. చెయ్యి పైకెత్తి, మొహానికి చుట్టుకున్న నల్ల మఫ్లరు కిందికి లాగింది.

ముసలావిడ!

ఐలీ. లౌరి చెల్లెలు. నలభై ఏళ్ళపాటు బేకరీలో కోచ్ గారికి రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చిన మనిషి. ఏటేటా ఆ రోజున, చీకటి పడగానే వచ్చి, మంచు పారతో తోసి, అన్న స్వెట్టరు వేసుకుని కాసేపు స్కేటింగ్ చేసి పోతుందట. ఇన్నేళ్ళూ ఊరిని భయపెట్టింది ఆ చప్పుడే.



"ఎవరో గొణుగుతున్నట్టుంటే ఆగాను, కోచ్ గారూ" అందావిడ. "మావాడి పేరొక్కటే తెలిసింది. నాకు ఈ చెవి వినపడదు. ఇటుపక్కకి రండి... ఏం చెబుతున్నారు వాణ్ణి గురించి?"

"దెయ్యమనుకున్నప్పుడు గడగడా చెప్పేశానోయ్" అన్నాడు తర్వాత కోచ్ నాతో. "ఏమీ లేదమ్మా అని లేచి రావచ్చు. ఆవిడకేమీ తెలీదు. రెండోసారి చెప్పడానికి ఎంతసేపు పట్టిందో... కాళ్ళు గడ్డకట్టుకుపోయాయి."

"చెప్పారా?"

"చెప్పాను."

"ఆవిడేమంది?"



"'చెప్పిన మాట వినని కొడుకని... మా అమ్మ పోయేదాకా వాణ్ణి తిడుతూనే ఉంది' అంది. అంతే. పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది."