తిప్ప మీద బాతులు

హోస్పేట దగ్గర డ్యాము ఇంకా కట్టని రోజులవి. మంత్రాలయానికి దిగువన, తుంగభద్ర ఒడ్డునున్న ఒక పల్లెలో ప్రకాశం మిషన్ బడి అయ్యవారుగా పనిచేసేవాడు. శివరాత్రి పోయి, ఏరు సన్నగిల్లి, ఇసుక తిప్పలు బయటపడే కాలమంటే ఆయనకు పండగే. జమ్ము చాటున కూర్చుని నీటికుక్కలు చేపల కోసం కొట్లాడుకోవడం, మొసళ్లు నోళ్లు తెరుచుకుని ఎండ కాగడం చూసేవాడు. అన్నిటికంటే ఇష్టం బాతులు. తలమీద రెండు నల్లచారలున్న పెద్ద బాతులవి. చలికాలంలో ఉత్తరాన్నుంచి వస్తాయి. రాత్రంతా చేలల్లో మేసి తెల్లవారేసరికి తిప్పమీద వాలతాయి. ఎండలు ముదిరితే ఒక్కటీ ఉండదు. వేటకు కాకుండా, కూరకూ కాకుండా ఊరికే చూడ్డానికి పోయే మనిషిని గురించి ఊరు వింతగా చెప్పుకునేది. భార్య కృపమణి మాత్రం నవ్వి జొన్నరొట్టె మూట కట్టిచ్చేది.

ఆయన్ను తిప్పకు దాటించేది బుట్టలాంటి గుండ్రటి పుట్టి నడిపే మారెన్న. ఆ ఏడు మారెన్న రానన్నాడు. శ్రావణం వరదలో అతని పుట్టి ఆ తిప్ప తోక దగ్గరే, దిగువ కొసన, బోల్తాపడింది. నలుగురు బయటపడ్డారు. పుట్టింటికి పోతున్న గిడ్డమ్మ అనే పడుచు మాత్రం దొరకలేదు. శవమూ తేలలేదు. అప్పటినుంచి మారెన్న జనాన్ని ఏరు దాటించేవాడే గాని తిప్ప ఛాయకు పోయేవాడు కాదు. ప్రకాశం రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. మూడోసారి, దేవుడుండగా భయమెందుకని, ఇంకో నాలుగు రోజులు పోతే బాతులు వెళ్లిపోతాయని బతిమాలాడు. తన బిడ్డలకు చదువు చెప్పే మనిషి మాటను మారెన్న కాదనలేకపోయాడు.

తూరుపు ఇంకా తెల్లబడలేదు. నీటిమీద పల్చటి ఆవిరి. తెడ్డు చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. తిప్ప దగ్గరపడగానే మారెన్న తెడ్డు ఆపాడు.

"అయ్యవారూ, ఒక మాట. ఎవురికీ చెప్పల్యా నేను" అన్నాడు. "పుట్టి తిరగబడినాక దాన్ని సరిజేసి నేను మళ్లా ఎక్కినా. ఆయమ్మ అంచు పట్టుకునింది. పుట్టి మళ్లా మునుగుతాదని నేనే ఆయమ్మ వేళ్లు ఒక్కొక్కటే ఇడిపించినా."

ప్రకాశం ప్రార్థన చేద్దామన్నాడు. ఆ లోపలే పుట్టి ఇసుకను తాకింది. ప్రార్థన సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

మారెన్న పుట్టిలోనే ఉండిపోయాడు. ప్రకాశం ముప్పై అడుగుల అవతల జమ్ము చాటున చేరాడు. కాసేపటికి తలపైన రెక్కల హోరు. బాతులు దిగాయి. వంద, రెండొందలు. గలగలమంటూ, ముక్కులతో ఈకలు సవరించుకుంటూ తిప్పంతా నిండిపోయాయి. వెలుగు మెల్లగా పరుచుకుంటోంది. ఆయన మనసు తేలికపడింది.

అప్పుడు చప్పుడు ఆగిపోయింది.

ఒకదాని వెనక ఒకటి కాదు. అన్నీ ఒక్కసారే. మెడలు నిటారుగా లేచాయి. అన్నీ తిప్ప తోక వైపే చూస్తున్నాయి. అక్కడ నీళ్లూ ఇసుకా తప్ప ఏమీ లేవు. ఒడ్డునున్న నీటికుక్కలు కిక్కురుమనకుండా ఏట్లోకి జారిపోయాయి.

నీటి అంచునున్న బాతులు రెండు పక్కలకు జరిగాయి. ఎగరలేదు. బెదరలేదు. సంతలో ఎదురొచ్చిన మనిషికి దారిచ్చినట్టు జరిగాయి. వాటి వెనకవీ జరిగాయి. గుంపు మధ్యలో సన్నటి బాట తెరుచుకుంటూ వచ్చింది… నిదానంగా… మనిషి నడక ఎంత ఉంటుందో అంత నిదానంగా. దాటిన చోటల్లా బాట వెనకనుంచి మూసుకుంటోంది.

బాట జమ్ము వైపు తిరిగింది.

మురిగిన నాచు వాసన. తడిసి ఆరని గుడ్డల వాసన. ఎదుట ఇసుకలో చిన్న పాదం గుర్తు పడింది. అందులోకి నీళ్లూరాయి. ఇంకొకటి… ఆయన మోకాలికి జానెడు దూరంలో. అక్కడ ఆగింది. ప్రకాశం చెవి పక్కనే నీటిబొట్లు రాలుతున్నాయి.

తర్వాత అడుగులు పుట్టి వైపు మళ్లాయి.

మారెన్న ఏటివైపు తిరిగి చుట్ట కాలుస్తున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. నోరు పెగల్లేదని ప్రకాశం తర్వాత తనకు తానే చెప్పుకున్నాడు. అది నిజం కాదు. గొంతు ఉంది. కేక వేస్తే అది మళ్లీ తనవైపు తిరుగుతుందని ఊరుకున్నాడు.

ఎవరో ఎక్కినట్టు పుట్టి ఒక పక్కకు ఒరిగింది. మారెన్న చుట్ట పడేశాడు. ఎదుటి ఖాళీలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కూచో తల్లీ" అన్నాడు మెల్లగా. "దాటిస్తా."

తెడ్డు అందుకున్నాడు. ఒక్క మనిషే ఉన్న పుట్టి అంచులదాకా నీళ్లలోకి దిగి కదిలింది. నడి ఏట్లోకి పోయాక గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు అరిచాడు ప్రకాశం. బాతులన్నీ ఒక్కపెట్టున లేచాయి. వాటి రెక్కలు కళ్లకు అడ్డం తొలగేసరికి ఏరు ఖాళీగా ఉంది.

పొద్దెక్కాక అవతలి ఒడ్డున దోసతోట కాస్తున్న నాగక్క ఆయన్ను చూసి మనుషుల్ని పంపింది. మారెన్న మూడోనాడు శవమై దొరికాడు, మోకాటిలోతు నీళ్లలో. పుట్టి తిరగబడిందని మాత్రం చెప్పాడు ప్రకాశం. మట్టి చేసిన సాయంత్రం మారెన్న భార్య హులిగెమ్మ వచ్చి గడప కింద కూర్చుంది.

"కడాన ఏమన్నా చెప్పినాడా అయ్యవారూ?"

ఏమీ చెప్పలేదన్నాడు.

ఆ నెలలోనే పాదిరిగారిని బతిమాలుకుని మైదుకూరు దగ్గర ఒక మెట్టపల్లెకు బదిలీ చేయించుకున్నాడు. అక్కడ ఏరు లేదు. పిట్ట కూసినా తలెత్తి చూసేవాడు కాదు. ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం కృపమణి వాకిట్లోంచి సంబరంగా పిలిచింది.

"ఏమప్పా, ఈడికి రా. నీ బాతులు వచ్చినాయి."

బడి వెనక బీట్లో, పగుళ్లిచ్చిన నల్లరేగడిలో, నడినెత్తి ఎండలో నిలబడి ఉన్నాయవి. నలభై, యాభై. ఒక్కటీ అరవడం లేదు. అన్నీ వాళ్ల గుమ్మం వైపే చూస్తున్నాయి. ఆ ఊరి చెరువెండి రెండు నెలలైంది. చుట్టుపట్ల రెండు క్రోసుల్లో నీటి మడుగన్నది లేదు.

వాటి రెక్కల్నుంచి నీళ్లు కారుతున్నాయి.